బాపు బండికి నంబరు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసి అడిగారు. గ్రూప్స్‌కు ఎలా చదవాలి, పీజీ ఎంట్రెన్స్ ఎలా రాయాలి అనే విషయాలైతే బాగుంటుందన్నారు. అవి రాయగలిగిన అన్నలు మనకు చాలామంది ఉన్నారు. మేము మా ఇంట్లో జరిగిన ఒక సంగతి రాస్తున్నాం. అది ఒక బండికి రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకోవడం గురించి. ఇందులో ఏముంది అనుకోవద్దు. చదువు ఇంటికి ఎట్లా పనికొస్తుందో మాకు ఆ పనిలోనే తెలిసింది.

మేము అన్నదమ్ములం ఇద్దరం. ఇద్దరం ఐదో తరగతి నుంచి సాంఘిక సంక్షేమ హాస్టల్లోనే పెరిగాం. పెద్దవాడికి ఇరవై మూడేళ్లు, కరీంనగర్ శాతవాహన యూనివర్సిటీలో ఎం.కాం. మా వంశంలో డిగ్రీ పట్టా ముట్టుకున్న మొదటి చెయ్యి అదే. చిన్నవాడు ఐటీఐలో ఫిట్టర్ చేశాడు. రాత పెద్దవాడిది, మాట ఇద్దరిదీ. ఈ పని ఇంటిల్లిపాదీ కలిసి చేసింది కాబట్టి 'మేము' అనే రాస్తున్నాం.

మా బాపుది గోదావరిఖనిలో చిన్న వెల్డింగ్ షాపు. మూడేళ్ల వయసులో పోలియో వచ్చి ఆయన ఎడమ కాలు పడిపోయింది. ఊళ్లో అందరూ బాయి పనికి పోతుంటే ఆయనకు ఆ దారి లేదు. బొగ్గుబాయిలో దిగాలంటే ముందు మెడికల్ ఫిట్‌నెస్ కావాలి కదా. అందుకని చిన్నప్పుడే ఒక సేటు దగ్గర గ్యాస్ వెల్డింగ్, తర్వాత కరెంటు వెల్డింగ్ నేర్చుకున్నాడు. గేట్లు, కిటికీ గ్రిల్స్, నీళ్ల ట్యాంకు స్టాండ్లు చేస్తాడు. చదివింది ఏడో తరగతి. కానీ ఇనుము మీద సుత్తితో ఒక దెబ్బ కొట్టి, ఆ చప్పుడు విని, అతుకు లోపల పోలు ఉందో లేదో చెప్పగలడు.

మా చిన్నప్పుడు బాపుకు ప్రభుత్వం ఇచ్చిన చేతితో తిప్పే మూడు చక్రాల బండి ఉండేది. దాని మీద లక్ష్మీనగర్ దాకా పోవడమే ఎక్కువ. ఎయిటింక్లయిన్ కాలనీలోనో, ఎన్టీపీసీ వైపో గ్రిల్ పని వస్తే కొలతలు తీసుకోవడానికి ఆటో మాట్లాడాలి. పోను రాను కిరాయి ఇస్తే మిగిలేది ఏమీ ఉండదు. అందుకని 2016 ఎండాకాలంలో బాపు తనకు తానే ఒక బండి కట్టుకోవడం మొదలుపెట్టాడు.

మేము సెలవులకు ఇంటికొచ్చేసరికి షాపు వెనక అస్థిపంజరం లాంటిది ఒకటి నిలబడి ఉంది. చట్రం చదరపు పైపుతో చేశాడు. ఇనుప సామాను దుకాణంలో దొరికిన పాత లూనా ఇంజను, ముక్కు తుక్కైపోయిన స్కూటర్ల నుంచి తీసిన మూడు చక్రాలు. ఇంజను నుంచి చైను కుడివైపు వెనక చక్రానికి మాత్రమే. ఎడమ చక్రం ఉత్తగా తిరుగుతుంది. అందుకని బండి ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త ఎడమకు గుంజేది, బాపు హ్యాండిలును కుడికి పట్టి సరిచేసుకునేవాడు. రివర్స్ లేదు. వెనక్కి రావాలంటే చేత్తో గోడను నెట్టుకోవాలి. బ్రేకులు రెండూ చేతికే. సీటు వెనక వెల్డింగ్ మిషను పెట్టుకోవడానికి ఇనుప పెట్టె. చివర్లో నీలం రంగు వేశాడు. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటరు, బండి కట్టి చూడు అనలేదెవరు" అని అవ్వ నవ్వేది.

ఆరేళ్లు ఆ బండే మమ్మల్ని సాదింది. మా పుస్తకాలు, పండుగ బట్టలు, ఎంట్రెన్సు ఫీజులు దాని చక్రాల మీదనే వచ్చాయి. మమ్మల్ని హాస్టల్లో దించడానికి బాపు దాని మీద వచ్చిన రోజు పిల్లలంతా చుట్టూ మూగడం మన సీనియర్లలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

కానీ దానికి నంబరు లేదు. బాపుకు లైసెన్సు లేదు. 'యాభై సీసీ బండికి ఏదీ అక్కర్లేదు' అని మన దగ్గర చాలామంది అనుకుంటారు, బాపు కూడా అదే నమ్మాడు. పోలీసులు ఆపినా కాలు చూసి పొమ్మనేవారు. ఒకరోజు రాజీవ్ రహదారి మీద ఆపిన ఒక కానిస్టేబులు మాత్రం బాపును పక్కకు కూర్చోబెట్టి చెప్పాడట. "నిన్ను ఇడిసిపెడుత గని, రేపు నీ బండి ఎవ్వలికన్న తగిలి పానం మీదికొస్తె ఏం జేస్తవ్? ఇన్సూరెన్స్ లేదు. నీ షాపు అమ్మినా సరిపోదు. పిల్లలు సదువుకుంటున్నరంటివి, అప్పు వాళ్ల మెడల పడ్తది" అన్నాడట. జరిమానా రాసి ఉంటే బాపు కట్టి మరిచిపోయేవాడు. ఆ మాట మాత్రం మరువలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. "బిడ్డా, గీ బండికి నంబరొస్తదా? నువ్వు డిగ్రీ సదువుతున్నవ్ గద, సూడు" అన్నాడు. అది 2022 నవంబరు. పెద్దవాడు బి.కాం. చివరి సంవత్సరంలో ఉన్నాడు.

తమ్ముళ్లూ, హాస్టల్ పిల్లలకు ఒక విద్య ఎవరూ నేర్పకుండానే వస్తుంది. అది దరఖాస్తు నింపడం. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, బోనఫైడ్, ఈ-పాస్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు, గెజిటెడ్ సంతకం. మనం ప్రతి ఏడాదీ మనం మనమేనని కాగితాలతో నిరూపించుకుంటూనే పెరిగాం. కాబట్టి మాకు భయం వేయలేదు. మోటారు వాహనాల చట్టం 1988, కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989 డౌన్‌లోడ్ చేసుకుని చదవడం మొదలుపెట్టాం. చదివినకొద్దీ మా బండి సంగతి అర్థమైంది.

చట్టం 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపకూడదు. 146వ సెక్షను ప్రకారం మూడో వ్యక్తికి నష్టం జరిగితే చెల్లించే బీమా తప్పనిసరి. మా బండి లాంటి దానికి బీమా ఎవరూ చేయరు. ఇక మోటారు వాహనం అంటే ఏమిటో 2వ సెక్షను 28వ క్లాజు చెబుతుంది. నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి, ఇంజను 25 సీసీ దాటకపోతేనే అది మోటారు వాహనం కాదు. లూనా ఇంజను 50 సీసీ. అంటే మన ఊళ్లో అందరూ చెప్పుకునే 'యాభై' చట్టంలో పాతిక దగ్గరే ఆగిపోయింది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 192వ సెక్షను కింద మొదటిసారి రెండు వేల నుంచి ఐదు వేల దాకా జరిమానా.

అదే క్లాజులో మన కోల్‌బెల్టు వాళ్లకు తెలిసిన సంగతి ఒకటి ఉంది. ఫ్యాక్టరీలోనో, అటువంటి ఆవరణలోనో మాత్రమే వాడేలా తయారైన ప్రత్యేక వాహనం ఈ నిర్వచనంలోకి రాదు. మన ఓపెన్‌కాస్టుల్లో తిరిగే పెద్ద డంపర్లను చూడండి. విడిభాగాలుగా ట్రాలీల మీద వచ్చి, ప్రాజెక్టు దగ్గరే బిగించుకుని లేచి నిలబడతాయి. ఇల్లంత ఎత్తున్న ఆ బండ్లు గని హద్దు దాటి మన చౌరస్తాకు రావు. ఇలాంటి వాటి మీద పన్ను వేయవచ్చా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1974లో ఒడిశాలోని బోలానీ గనుల కేసులో, రోడ్డును వాడుకోని బండి మీద రోడ్డు పన్ను వేయరాదని కోర్టు చెప్పింది. చిన్నవాడు ఇది విని, "అంటే వంద టన్నుల డంపరుకు ఇడుపు ఉన్నది గని, బాపు డొక్కు బండికి లేదన్నట్టు" అన్నాడు. నవ్వులాటకు అన్నా లెక్క అదే. బండి ఎంత పెద్దదన్నది కాదు, అందరూ నడిచే దారి మీదికి వస్తుందా లేదా అన్నదే చట్టం చూసేది.

ఆ తర్వాత బాపును తీసుకుని రవాణా ఆఫీసుకు వెళ్లాం. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని పోయాం. అక్కడి అధికారి బయటికి వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి కింద అతుకులు చూశాడు. "ఎవరు చేసిన్రన్నా ఇది?" అని అడిగాడు. బాపు చెయ్యెత్తి దండం పెట్టి "నేనే సార్" అన్నాడు. "పని మంచిగున్నది. మరి చాసిస్ నంబరు ఏది?" అన్నాడాయన. బాపు ఏమాత్రం తడుముకోకుండా "నంబరు చెప్పున్రి సార్, నేనే కొడ్త. పంచులు షాపుల ఉన్నయి" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. అధికారి కూడా నవ్వి, బాపును లోపలికి పిలిచి కుర్చీ వేయించి ఓపికగా చెప్పాడు.

ఆయన చెప్పింది ఇది. రిజిస్ట్రేషన్‌కు ఫారం 20 దరఖాస్తు. దానికి ఫారం 21 జతచేయాలి, అది అమ్మినవాళ్లు ఇచ్చే పత్రం. ఫారం 22 జతచేయాలి, అది బండి రోడ్డు మీద నడవడానికి తగినదని తయారీదారు ఇచ్చే పత్రం. బీమా, చిరునామా ఉండాలి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన ముద్ర ఉండాలి. మనలాంటి వాళ్లు చేసిన బండికి అమ్మినవారు ఎవరు? తయారీదారు ఎవరు? బాపే తయారీదారు అనుకుంటే 126వ నియమం వస్తుంది. తయారీదారు ప్రతి నమూనా బండినీ పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐకాట్ వంటి పరీక్షా సంస్థలకు ఇచ్చి ఆమోదం తెచ్చుకోవాలి. వేల బండ్లు అమ్మే కంపెనీ ఆ ఖర్చును వేల బండ్ల మీద పంచుకుంటుంది. బాపు కట్టింది ఒక్క బండి.

ఇంటికి వచ్చేటప్పుడు బాపు ట్రాలీలో తన బండిని పట్టుకుని కూర్చున్నాడు. ఎవరమూ మాట్లాడలేదు.

ఇది మా ఒక్కరి కథ కాదని తర్వాత చదువుతుంటే తెలిసింది. ఉత్తరాదిన నీళ్ల పంపు ఇంజనుతో కట్టుకునే బండిని 'జుగాడ్' అంటారు. పల్లెల్లో వేలమంది వాటి మీదే ప్రయాణం చేశారు. రాజస్థాన్ ఆర్టీసీ కేసులో 2013లో సుప్రీంకోర్టు, జుగాడ్ కూడా మోటారు వాహనమేనని, చట్టానికి లోబడాలని తేల్చింది. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కేసులో, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని చెప్పింది. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో దత్తాత్రేయ లోహార్ అనే కమ్మరి పాత సామానుతో కిక్కు కొడితే స్టార్టయ్యే చిన్న జీపు కట్టాడు. 2021 చివర్లో ఆ వీడియో దేశమంతా చూసింది. ఆ బండి నిబంధనలకు నిలవదని, దాన్ని తమకిచ్చి బొలెరో తీసుకొమ్మని ఆనంద్ మహీంద్రా అన్నారు. 2022 జనవరిలో ఆ మార్పిడి జరిగింది. లోహార్ కుటుంబానికి మంచే జరిగింది. కానీ అందరి ఇంటికీ బొలెరో రాదు కదా.

ఒకచోట మాత్రం చేతిబండ్లే చట్టాన్ని కదిలించాయి. అవి ఢిల్లీ ఈ-రిక్షాలు. మొదట వాటికి నంబర్లు లేవు, లైసెన్సులు లేవు. ప్రమాదాలు జరిగాయి. 2014 జూలై 31న ఢిల్లీ హైకోర్టు వాటిని ఆపేసింది. వేల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. అదే ఏడాది అక్టోబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2015లో పార్లమెంటు చట్టాన్నే సవరించింది. వేగం 25 కిలోమీటర్లు దాటకూడదు, నలుగురి కంటే ఎక్కువ ఎక్కకూడదు వంటి షరతులతో ఈ-రిక్షాకు చట్టంలో ఒక పేరు దొరికింది. పేరు దొరికాక నంబరు, బీమా వచ్చాయి.

ఇంగ్లండులో వేరే పద్ధతి ఉంది. అక్కడ విడిభాగాలు పెట్టెల్లో కొనుక్కుని ఇంట్లో బిగించుకునే కారును కిట్ కారు అంటారు. దాన్ని పరీక్షా కేంద్రానికి తీసుకెళ్తే ఆ ఒక్క బండినే పరీక్షిస్తారు. బ్రేకులు, లైట్లు, స్టీరింగు, పొగ, ఎవరికైనా గీసుకునే పదును అంచులు, అన్నీ చూస్తారు. పాసైతే నంబరు. చాసిస్ నంబరు లేకపోతే ప్రభుత్వమే కేటాయిస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో సొంతంగా కట్టుకున్న బండ్లకు పొగ నిబంధనల్లో వెసులుబాటు ఇచ్చే ధ్రువపత్రాలు ఏటా 500 ఇస్తారు. అక్కడ అది ఎక్కువగా డబ్బున్నవాళ్ల సరదా. ఇక్కడ మా బాపుది పొట్టకూటి బండి. అయినా ఒక బండిని ఒక బండిగా పరీక్షించే దారి ఉండాలన్న ఆలోచన మాకు నచ్చింది. పరీక్ష వద్దని మేము అనడం లేదు. బాపు బండికి ఒక చక్రానికే చైను ఉందని, తడిరోడ్డు మీద అది పక్కకు జారేదని మాకే తెలుసు. పరీక్ష ఉండాలి. కానీ పేదవాడికి అందేంత దగ్గరలో ఉండాలి.

ఈ మధ్యలో హోటల్ దగ్గర ఒకాయన కలిశాడు. పాత లూనా ఆర్సీ ఒకటి తన దగ్గర ఉందని, దాని నంబరు చాసిస్ మీద కొట్టించుకుంటే ఎవరూ అడగరని, ఆరు వేలు చాలని అన్నాడు. ఆశ పుట్టిన మాట నిజం. బాపు కాసేపు ఆలోచించి, "నా చేత్తోని చేసిన బండికి ఇంకోదాని పేరు పెడ్తనా? నా కొడుకులకు వేరేటోని ఇంటిపేరు పెట్టుకుంటనా?" అని లేచి వచ్చేశాడు. ఆ మాట మాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

చివరికి దారి దొరికింది, అది కూడా చట్టంలోనే. వైకల్యం ఉన్నవారు వాడే బండిని ఇదివరకు చట్టం 'ఇన్‌వాలిడ్ క్యారేజ్' అనేది. 2019 సవరణలో ఆ పేరు తీసేసి 'అడాప్టెడ్ వెహికల్' అని పెట్టారు. వైకల్యానికి తగినట్టు మార్చుకున్న బండిని కూడా అందులో చేర్చారు. అంటే కంపెనీ స్కూటరు కొని, అనుమతి తీసుకుని, రెండు పక్కలా చక్రాలు బిగించుకుని, ఆ మార్పును ఆర్సీలో ఎక్కించుకోవచ్చు. మన రోడ్ల మీద సైడ్ వీల్స్ బండ్లు మీరూ చూసే ఉంటారు. పాత పేరు విన్నప్పుడు మాత్రం మాకు మనసు చివుక్కుమంది. ఓట్ల లెక్కింపులో 'ఇన్‌వాలిడ్' అంటే చెల్లని ఓటు. బాపు లాంటి వాళ్లు ఎక్కే బండికి అన్నేళ్లు చట్టంలో ఉన్నది ఆ మాటే.

డబ్బు సమకూర్చడం ఒక యుద్ధం. అవ్వ మహిళా సంఘంలో అప్పు తీసింది. చిన్నవాడు చేరిన పనిలో మూడు నెలల జీతం కలిపాడు. పెద్దవాడికి స్కాలర్‌షిప్ పడింది. 2023 ఫిబ్రవరిలో స్కూటరు వచ్చింది. ఇక పక్క చక్రాల కిట్టు. దాని ధర పద్నాలుగు వేలు అనగానే బాపు, "గిదా? గీ రెండు చక్రాలా? నేను మూడు వేలల్ల, ఒక్క పూటల చేస్త" అన్నాడు. ఆయన నిజంగానే చేయగలడు, ఇంకా గట్టిగా చేయగలడు. కానీ ఆమోదం ఉన్న కిట్టు, బిగించినవాళ్ల బిల్లు ఉంటేనే కాగితం ముందుకు కదులుతుంది. నలభై ఎనిమిదేళ్ల వెల్డరు తన బండికి తాను అతుకు పెట్టకూడదని చెప్పడం మాకు ఎంత కష్టమైందో రాయలేం. చాలాసేపు మాట్లాడలేదాయన. తర్వాత, "సరె. గని బిగించేటప్పుడు నేను పక్కన ఉంట" అన్నాడు.

పక్కన ఊరికే కూర్చోలేదు. కిట్టు పెట్టెలోంచి తీయగానే సుత్తి అడిగి ఒక్కో అతుకు మీద తట్టి చూశాడు. ఎడమవైపు బ్రాకెట్ దగ్గర ఆగి, "ఇది పోలు" అన్నాడు. దుకాణం వాళ్లు ఒప్పుకోలేదు. గ్రైండర్‌తో పైపైన గీసి చూపిస్తే లోపల బుడగలు. మారు మాట్లాడకుండా కొత్త బ్రాకెట్ ఇచ్చారు. కాగితానికి బాపు చెయ్యి అక్కర్లేకపోయినా బండికి అక్కరకొచ్చిందని చిన్నవాడు ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

ఇక లైసెన్సు. చట్టం 8వ సెక్షనులో, అడాప్టెడ్ వెహికల్ నడపడానికి మనిషి తగినవాడని అధికారికి నమ్మకం కుదిరితే లైసెన్సు ఇవ్వవచ్చని ఉంది. సదరం సర్టిఫికెట్, డాక్టరు ఇచ్చే ఫారం 1ఏ జతచేశాం. లెర్నింగ్ పరీక్ష కంప్యూటరు మీద. బాపు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. అందుకని ఇంట్లో స్టడీ అవర్ పెట్టాం, అచ్చం మన హాస్టల్లో లాగానే, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా. రోడ్డు గుర్తులన్నీ అట్టల మీద గీసి గోడకు అంటించాం. అవ్వ కూడా పక్కన కూర్చుని నేర్చుకుంది. ఎరుపు గీత ఉన్న గుండ్రం అంటే వద్దని, మూడు మూలలది అంటే జాగ్రత్తని, నీలం గుండ్రం అంటే తప్పక చేయాలని. పరీక్ష రోజు బాపు బయటికి వచ్చి, "పాస్" అని ఒక్క మాట అన్నాడు. ఏడో తరగతి తర్వాత ఆయన రాసిన మొదటి పరీక్ష అది.

అనుమతి, బిగింపు, తనిఖీ, ఆర్సీలో మార్పు, డ్రైవింగ్ టెస్టు అన్నీ ముగిసేసరికి జూన్ దాటింది. వైకల్యం మినహాయింపు వల్ల జీవిత పన్ను పడలేదు. కార్డు పోస్టులో వచ్చింది. టీఎస్ 22తో మొదలయ్యే నంబరు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది కాబట్టి ఇప్పుడు దాన్ని చూసి పాత బండి అంటున్నారు. బాపు ఆ కార్డును అవ్వ చేతికిచ్చి, బియ్యం డబ్బా మీద దేవుడి పటం పక్కన పెట్టమన్నాడు. మరునాడు ఎన్టీపీసీ వైపు కొలతలకు పోయి చీకటి పడ్డాక వచ్చాడు. అవ్వ గడపలో ఎదురుచూడకుండా పొయ్యి దగ్గర పని చేసుకుంటూ ఉండడం మేము అప్పుడే మొదటిసారి గమనించాం. ఇంతకాలం ఆమె ఎంత భయపడిందో ఎప్పుడూ చెప్పలేదు.

నీలం బండిని అమ్మలేదు, పాత ఇనుముకు వేయలేదు. షాపు ప్రహరీ లోపల ఇనుప రాడ్లు ఈ మూల నుంచి ఆ మూలకు మోస్తోంది. గేటు దాటదు. చిన్నవాడు దానికి 'మన డంపర్' అని పేరు పెట్టాడు.

తమ్ముళ్లకు కొన్ని మాటలు. మన ఇళ్లలో చాలా బండ్లు అమ్మినవాళ్ల పేరు మీదే తిరుగుతున్నాయి. సెకండ్ హ్యాండ్ బండి కొంటే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని పేరు మార్పించండి. ఇంట్లో బండి యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆఫీసుకు తెలిపి, మూడు నెలల్లో ఫారం 31 ఇవ్వాలి. ప్రభుత్వ వేలంలో బండి కొంటే ఫారం 32. ఏ బండికైనా మార్పు చేయాలనుకుంటే ముందు అనుమతి, తర్వాతే రించి పట్టండి. బీమా గడువు తేదీని క్యాలెండర్ మీద రాసి పెట్టండి. వైకల్యం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఏయే రాయితీలు ఉన్నాయో ఆఫీసుకు పోయి అడగండి. అడగడానికి సిగ్గుపడొద్దు.

మన తమ్ముళ్లలో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఉన్నారు. మీలో ఎవరో ఒకరు రేపు పరీక్షా సంస్థలోనో, రవాణా శాఖలోనో కూర్చుంటారు. అప్పుడు చేతిలో పని, పక్కన లేని కాగితాలు పట్టుకుని ఒక మనిషి వస్తే, ముందు ఆయన అతుకులు వంగి చూడండి. నిబంధన తర్వాత చెప్పండి. మా బాపుకు ఆ మర్యాద దొరికింది కాబట్టే మేము మిగతా దారి నడవగలిగాం.

డిగ్రీ పట్టా మా ఇంటికి ఏం తెచ్చిందని చుట్టాలు అడుగుతుంటారు. ఉద్యోగం ఇంకా రాలేదు, ప్రయత్నంలో ఉన్నాం. కానీ బాపు ఇప్పుడు పోలీసును చూసి బండి ఆపి, తనంతట తానే కార్డు తీసి చూపిస్తున్నాడు.